మా అమ్మ గొడుగు కథ

మా అమ్మ ఇంటికి తాళం వేస్తుంటే చూడాలంటే ఓపిక కావాలి. ముందు తాళంకప్పను చేతిగుడ్డతో తుడుస్తుంది. గొళ్లెం పెట్టి, అది పడిందో లేదో తలుపు లాగి చూస్తుంది. తాళం వేసి గుంజుతుంది. మెట్లు దిగి, పైకి చూసి, మళ్లీ ఎక్కి గుంజుతుంది. వీధి చివరిదాకా వెళ్లాక ఆగి, “తాళం వేశానంటావా?” అని నన్నే అడుగుతుంది. వేశావని నేను ఒట్టు పెట్టినా వినదు. వెనక్కి వెళ్లి ఇంకోసారి గుంజి వస్తేగానీ ఆవిడ ప్రాణం కుదుటపడదు. ఆ తాళానికే నోరుంటే ఎప్పుడో పోలీసు స్టేషనుకి వెళ్లి ఫిర్యాదు చేసేది.

వీధిలో అందరూ ఆవిడను నెమ్మదమ్మ అంటారు. చిరిగిన కోట్లు, శాలువలు అతుకు కనబడకుండా దారంతో అల్లి బాగుచేయడం ఆవిడ పని. ఆ పనికి నిదానం ఉండాల్సిందే, కాదనను. కానీ దేనికైనా ఒక హద్దుండాలి కదా! చలికాలంలో కోటు ఇచ్చినవాళ్లు మరుసటి చలికాలానికి తీసుకెళ్లేవారు. ఒకాయన తన పెళ్లికని ఇచ్చిన కోటు ఆయన కొడుకు పెళ్లికి అందిందని మా వీధిలో చెప్పుకుంటారు. అది శుద్ధ అబద్ధం. కొడుకు బడిలో చేరేనాటికే ఇచ్చేసింది.

ఇక ఆవిడ చెప్పే కథలున్నాయి. అన్నిటిలోకీ పేరుమోసింది గొడుగు కథ. “ఒకరోజు నేను గొడుగు కొందామని బయల్దేరాను” అని మొదలవుతుంది. షాపులో ఏ గొడుగు ఏ మూల వేలాడుతోందో, షాపాయన మీసం ఏ వైపు ఒత్తుగా ఉందో, ఏ పిడి పట్టుకుంటే అరచేతికి ఎలా అనిపించిందో, అన్నీ వస్తాయి. ఆయన రెండో గొడుగు తెరిచేసరికి మా అన్నయ్య నిద్రపోయేవాడు. నాకు తోమాల్సిన గిన్నెలు గుర్తొచ్చేవి. నాన్నకయితే ఆ మాత్రం ఓపిక కూడా లేదు. గొడుగు అనే మాట చెవిన పడితే చాలు, చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. పాపం, కథ చివర ఏమవుతుందో తెలియకుండానే వెళ్లిపోయాడని నేనూ అన్నయ్యా నవ్వుకునేవాళ్లం.

ఆ గొడుగు మాత్రం మా ఇంట్లోనే ఉంది. నల్ల గుడ్డ, చెక్క పిడి, తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. ఎంత వాన పడినా అమ్మ దాన్ని తీయదు, ఎవర్నీ తీయనివ్వదు. తడిసి ముద్దై ఇంటికొచ్చి, తల తుడుచుకుంటూ దానివైపు ఒకసారి చూసి లోపలికి పోతుంది. వాడితే పాడైపోతుందని దాస్తోంది కాబోలనుకుని నేను విసుక్కునేదాన్ని. జలుబు చేసిన మనిషికి కషాయం కాచి ఇచ్చేది నేనే మరి.

ఇలాంటి ఇంటికి మా వదిన కోడలిగా వచ్చింది.

వదిన పింగాణీ కప్పుల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. కప్పుని కాగితంలో చుట్టి, అట్టపెట్టె గడిలో కూర్చి, టేపు వేసి పక్కకి తోసేసరికి పక్కనున్న మనిషి ఇంకా కాగితం కోసం తడుముకుంటూ ఉంటుంది. అంత వేగంలోనూ ఆవిడ చేతిలో ఒక్క కప్పు పగిలిన పాపాన పోలేదు. ఫ్యాక్టరీలో ఆవిడ పేరు సుడిగాలి. పెళ్లి ఫొటోలన్నిట్లోనూ మా అన్నయ్య స్పష్టంగా ఉంటాడు. పక్కన రంగురంగుల పొగలాంటిదేదో ఉంటుంది. అది వదిన.

మొదటి కాన్పూ అలాగే అయింది. కడుపులో గ్యాసు పట్టేసినట్టుందని పనిలోంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి లిఫ్టు ఎక్కింది. కాన్పుల గది ఉన్న అంతస్తు చేరేలోపే మా మేనకోడలు పుట్టేసింది. తలుపు తెరుచుకుంటే బయట నిలబడ్డ నర్సు, అలవాటు కొద్దీ, “పైకా, కిందికా?” అని అడిగిందట. “ఇంక ఎక్కడికీ అక్కర్లేదు సిస్టర్” అందట వదిన.

అన్నయ్య సంగతి కూడా చెప్పాలి. వాడు డ్రైవింగు నేర్పిస్తాడు. వాడి కారులో పక్కసీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి, నేర్చుకునేవాళ్లు ఎక్కడ ఎవర్ని గుద్దేస్తారోనని. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చుని వాడి కుడికాలు వాడి మాట వినడం మానేసింది. అన్నం తింటున్నప్పుడు కూతురు నీళ్లగ్లాసు ఒంపబోతే వీడు చెయ్యి చాచడు, నేలని తొక్కుతాడు.

వదిన మళ్లీ కడుపుతో ఉండి, నెలలు నిండుతున్నప్పుడు ఆసుపత్రిలో ఒక పరీక్ష చేయాలన్నారు. నేను కళ్లద్దాల షాపులో పని చేస్తాను. ఆ రోజు సెలవు కాబట్టి నేనూ వెళ్లాను. అమ్మ, అన్నయ్య సరేసరి. నర్సు ఒక గొట్టం, చివర దూది చుట్టిన పుల్ల వదిన చేతికిచ్చి, “కింద ముందువైపూ వెనకవైపూ దీంతో కొంచెం తుడిచి, గొట్టంలో పెట్టి మూత బిగించాలమ్మా. కంగారేం లేదు, నిదానంగా...” అని చెప్తూనే ఉంది. వదిన వెళ్లి వచ్చేసింది. గొట్టం బల్లమీద పెట్టింది. నర్సు గొట్టం వైపు, వదిన వైపు మార్చి మార్చి చూసి, నమ్మకం కుదరక ఇంకో పుల్ల ఇచ్చి తలుపు దాకా తనూ వెళ్లింది. రెండోసారి ఇంకా తొందరగా అయిపోయింది. అనుభవం ఉంది కదా.

నాలుగు రోజులు పోయాక డాక్టరమ్మ మళ్లీ పిలిస్తే అందరం వెళ్లాం. పరీక్షలో ఒక రకం బాక్టీరియా ఉన్నట్టు తేలిందని చెప్పింది. ఆ మాట విన్న వెంటనే అన్నయ్య కాలు నేలని తొక్కింది.

“నేను మాస్కు పెట్టుకోవాలా డాక్టరుగారూ?”

“మీకేం కాదు. కూర్చోండి.”

“ఇల్లు శుభ్రంగానే ఉంచుతామమ్మా” అంది అమ్మ, నేరం చేసినట్టు.

“శుభ్రానికీ దీనికీ సంబంధం లేదండీ. చాలామంది ఆడవాళ్లలో ఉంటుంది. వస్తుంది, పోతుంది, ఉన్నట్టు కూడా తెలీదు. తల్లికి మామూలుగా ఏ బాధా ఉండదు. కాన్పు టైంలో బిడ్డకి అంటుకుంటేనే మనకి భయం. అంటుకున్నా ఎక్కువమంది పిల్లలకి ఏమీ కాదు. ఎక్కడో ఒక బిడ్డకి మాత్రం మొదటి ఒకట్రెండు రోజుల్లోనే జ్వరం వస్తుంది, ఊపిరి అందదు. అప్పుడు మనకి ఎక్కువ టైం ఉండదు.”

“మాత్రలేవో ఇవ్వండి, ఇప్పుడే మింగేస్తాను” అంది వదిన, చెయ్యి చాచి.

“ఇప్పుడు మింగితే కాన్పు నాటికి మళ్లీ వచ్చేయొచ్చు. నొప్పులు మొదలయ్యాక సూది పెట్టి మందు రక్తంలోకి ఎక్కించాలి. మందు మొదలుపెట్టిన తర్వాత బిడ్డ పుట్టడానికి కనీసం నాలుగు గంటలుంటే మంచిది.”

ముగ్గురం వదినవైపు చూశాం.

“నాలుగు గంటలా?” అన్నాడు అన్నయ్య. నాలుగేళ్లన్నా వాడి మొహం అంత పాలిపోయేది కాదు.

డాక్టరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుంది. “ఓ, లిఫ్టు కేసు మీరేనా?” అంది. తర్వాత కొంచెం మెత్తగా, “టైం సరిపోకపోయినా గాభరా పడకండి, బిడ్డని దగ్గర పెట్టుకుని చూసుకుంటాం. కానీ సరిపోతే నాకు ధైర్యం. నొప్పి మొదలవగానే పరిగెత్తుకు వచ్చేయండి” అంది.

అందరం లేచాం. అమ్మ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. “ఈ పరీక్ష వెనకటి రోజుల్లో చేసేవారా అమ్మా?” అని అడిగింది.

“లేదండీ. అప్పట్లో దీని గురించి ఎవరూ చూసేవారు కాదు.”

“అప్పుడు కూడా ఉండేదా ఈ పురుగు?”

“ఎప్పుడూ ఉంది. చూడటం తెలియదు, అంతే.”

అమ్మ తల ఊపి, చేతిసంచీ గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఎంతకీ పడలేదు. బయట జనం ఎదురుచూస్తున్నారని నేనే విసుగ్గా లాక్కుని గుండీ పెట్టి, ఆవిడని లేపాను. వయసు మీద పడింది అనుకున్నాను.

ఇంటికొచ్చాక మావాళ్లు చేసిన పని వింటే మీరు నవ్వుతారు, నవ్వండి. డాక్టరమ్మ తొందరగా రమ్మని చెప్పింది. మా అన్నయ్య దాన్ని నెమ్మదిగా కనమని అర్థం చేసుకున్నాడు. బ్రేకులు నేర్పేవాడి బుర్రకి అంతకన్నా ఏం తడుతుంది! “వేగం తగ్గించడం కూడా ఒక విద్యే, నేర్పిస్తే వస్తుంది” అన్నాడు. నిదానంలో మా అమ్మని మించిన గురువు ఎక్కడ దొరుకుతుంది? మర్నాటి నుంచి వదినకి పాఠాలు మొదలయ్యాయి.

మొదటి పాఠం బఠాణీలు ఒలవడం. అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మ ఒక కాయ తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఎక్కడ చీల్చాలో ఆలోచించి తల పైకెత్తేసరికి వదిన బుట్ట ఖాళీ చేసి తొక్కలు కూడా ఊడ్చేసింది. రెండో పాఠం కిరాణాకొట్టుదాకా నడక. వదిన వెళ్లి సబ్బు కొనుక్కుని వస్తుంటే అమ్మ ఇంకా మెట్లమీదే ఉంది, తాళం గుంజుతూ. అన్నయ్య పక్కన నిలబడి, “క్లచ్చు, క్లచ్చు... ఇప్పుడు బ్రేకు... ఊఁ, మెల్లగా” అంటూ ఉండేవాడు. నేను ఆ రోజుల్లో షాపులో కావాలని ఆలస్యంగా ఉండిపోయేదాన్ని.

పాఠాలు ఫ్యాక్టరీలో బెడిసికొట్టాయి. అత్తయ్య మాట తీసేయలేక వదిన అక్కడ కూడా నెమ్మదిగా ప్యాక్ చేయబోయింది. కప్పు తీసుకుంది, కాగితం పరిచింది, ఒక్కో మడతా ఆలోచించి పెట్టింది. కప్పు చేతిలోంచి జారి భళ్లున పగిలింది. ఆవిడ ఉద్యోగంలో పగిలిన మొదటి కప్పు. ప్యాకింగు షెడ్డు మొత్తం పని ఆపేసి చూసింది. ఒకావిడ కన్నీళ్లు కూడా పెట్టుకుందట. ఇంటికొచ్చి వదిన గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

“నా వల్ల కావట్లేదు అత్తయ్యా. మెల్లగా చేస్తే నా చేతులకి దారి తెలియట్లేదు. కడుపులో బిడ్డకేమన్నా అయితే... నా తొందరవల్లే కదా.”

అమ్మ ఏదో అనబోయి ఆగింది. ఆవిడ ఏదైనా అనేలోపు అవతలివాళ్లు లేచి వెళ్లిపోవడం మా ఇంట్లో మామూలే. వదిన కూడా లేచి వెళ్లిపోయింది.

ఆ వారం ఆసుపత్రిలో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు పాఠాల సంగతి బయటపడింది. డాక్టరమ్మ అన్నయ్య వైపు తిరిగింది.

“ఏమండీ, బిడ్డకి మీ బ్రేకు కనబడుతుందా? నేను నెమ్మదిగా కనమన్నానా? నొప్పి మొదలవగానే పరిగెత్తుకు రమ్మన్నాను. పోయినసారి ఈవిడ మొదటి నొప్పులు గమనించుకోనే లేదు, పనిలో పడి. అదీ అసలు సమస్య. ఎవరో ఒకరు కనిపెట్టి చూడండి, అంతే.”

“నేను చూస్తాను” అంది అమ్మ. ఎవరూ అడక్కుండా, అంత వెంటనే ఆవిడ జవాబివ్వడం నేను ఎప్పుడూ వినలేదు.

చూడటమంటే మామూలు చూడటం కాదు. వదిన వెంట ఫ్యాక్టరీకి కూడా వెళ్లి, బోర్లించిన చెక్కపెట్టె మీద కూర్చుని ఆవిడ పొట్టనే చూస్తూ ఉండేది. ఊరికే కూర్చుందని సూపర్‌వైజరు ఒక కప్పు, ఒక కాగితం చేతికిచ్చాడు. పొద్దున మొదలుపెట్టిన ఆ కప్పు మధ్యాహ్నానికి తయారైంది. దాన్ని కొండమీంచి పడేసినా పగలదని ఆయన అందరికీ చూపించాడట. వదిన నిట్టూర్చినా, తుమ్మినా, నడుం సర్దుకున్నా అమ్మ “పదండి” అనేది. అన్నయ్య కారు మీద ‘డ్రైవింగు నేర్పబడును’ అనే బోర్డుతోనే ఆసుపత్రికి పరుగు. నర్సులు చూసి వెనక్కి పంపడం. గేటు దగ్గర వాచ్‌మన్‌కి మేం అలవాటైపోయాం. “ఇవాళ తుమ్మా, నిట్టూర్పా?” అని అడిగేవాడు.

ఒక ఆదివారం పొద్దున వదిన మంచం దగ్గర నిలబడి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆవిడ బట్టలు మడుస్తుంటే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. తువ్వాలు ఒకటి చేతిలోకి తీసుకుని, సగం మడిచి, ఒక్క క్షణం అలాగే ఉండి, మళ్లీ మొదలుపెట్టింది. నేను ఎదురుగా ఉండి కూడా ఏమీ గమనించలేదు.

అమ్మ సూది కింద పెట్టి లేచింది. “పద అమ్మాయ్.”

“ఏం లేదత్తయ్యా, ఊరికే కొంచెం నడుం పట్టేసింది.”

“నువ్వు ఆగావు” అంది అమ్మ.

వదిన చేతిలో తువ్వాలు వైపు చూసుకుంది. ఆవిడ మొహం మారింది.

తర్వాత జరిగినదంతా ఒక్క ఊపులో జరిగింది. మేనకోడలిని పక్కింటివాళ్లకి అప్పజెప్పి, వదినని వెనకసీట్లో కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. అన్నయ్య పరిగెత్తుకొచ్చి కారెక్కి తలుపు వేసుకున్నాడు. వెనక్కి తిరిగి వదిన చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, “అద్దం సరిచూసుకోండి, కీ తిప్పండి, క్లచ్చు పూర్తిగా నొక్కండి” అన్నాడు. కారు స్టార్టయింది. “ఫస్టు గేరు. క్లచ్చు మెల్లగా వదలండి.” కారు ఒక్క దూకు దూకి కదిలింది.

వీధి మలుపు తిరిగాక వదినే ముందు అడిగింది. “ఏమండీ, కారు ఎవరు నడుపుతున్నారు?”

అప్పుడు చూశాను. అన్నయ్య అలవాటు కొద్దీ పక్కసీట్లో కూర్చున్నాడు. ఆఖరున వచ్చిన మా అమ్మకి మిగిలిన సీటు ఒక్కటే. స్టీరింగు ముందుది. ఆవిడ ఆ సీట్లో నిటారుగా కూర్చుని, వాడు చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. మా అమ్మ జన్మలో సైకిలు కూడా తొక్కి ఎరగదు.

నేను కేకపెట్టాను. అన్నయ్య కళ్లు తెరిచి, నోరు కూడా తెరిచి, బ్రేకు తొక్కబోయాడు.

“కాలు తియ్యరా” అంది అమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఆపితే దిగాలి, మారాలి, మళ్లీ బయల్దేరాలి. ఎక్కడుంది టైం? తర్వాతేం చెయ్యాలో చెప్పు.”

“సె... సెకండు గేరండీ” అన్నాడు వాడు.

వాడు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని దారి చూపించాడు, ఆవిడ కాలు మాత్రం యాక్సిలరేటరు మీంచి లేవలేదు. దారిలో బళ్లూ సైకిళ్లూ వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి. కారు మీద బోర్డు చూసి భయపడ్డారో, మా అమ్మ మొహం చూసి భయపడ్డారో తెలియదు. హారను ఎక్కడుందో కనుక్కున్నాక ఆవిడ దాన్ని వదల్లేదు. వెనకసీట్లో వదిన నొప్పికి మెలికలు తిరుగుతూనే నవ్వడం మొదలుపెట్టింది. నేను మాత్రం తెలిసిన దేవుళ్లందరికీ మొక్కేశాను. ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ మా కారు చూసి, తీరిగ్గా ముందుకొచ్చి, నడిపేది ఎవరో చూసి, ఏమీ అడక్కుండా గేటు బార్లా తెరిచేశాడు.

ఈసారి వెనక్కి పంపలేదు. నర్సు ఏ మందులు పడవో ఒకసారి అడిగి తెలుసుకుని, వదిన చేతికి సూది పెట్టి, సీసాలోంచి మందు వదిలింది. లోపల ఒక్కరికే చోటు. అన్నయ్య వెళ్తే ఇంకో మంచం వేయాల్సొస్తుందని అమ్మే వెళ్లింది. వాడూ నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. వాడి కుడికాలు నేలలోకి దిగబడిపోయేలా ఉంది.

గంటలు గడుస్తున్నాయి, లోపల్నుంచి కబురు లేదు. వదిన విషయంలో కబురు ఆలస్యమవడం మాకు కొత్త. మధ్యాహ్నం దాటాక నర్సు తొంగిచూసింది. “మీ అమ్మగారు ఏదో గొడుగు గురించి చెప్తున్నారు. మధ్యలో మేం మాట్లాడితే పేషెంటు కసురుకుంటోంది” అంది. అన్నయ్యా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

బిడ్డకి మెత్తటి గుడ్డలు, వదినకి బట్టలు తెమ్మంటే నేను ఇంటికి వచ్చాను. మెట్లెక్కి చూద్దును కదా, తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. దొంగలు పడ్డారనుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల అన్నీ ఉన్నాయి. సూది గుచ్చిన కోటు కుర్చీ మీద అలాగే ఉంది. పక్కింటి పిల్లి వదిన మడిచిన బట్టల మీద హాయిగా పడుకుని ఉంది. తాళంకప్ప గడప పక్కన నేల మీద, దాని తాళంచెవి దాంట్లోనే. తలుపు వెనక మేకుకి గొడుగు గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది.

మా అమ్మ తాళం వేయలేదు. వేశానా లేదా అని అడగనూ లేదు. ఆ నేల మీది తాళంకప్పని తీసి చేత్తో పట్టుకుంటే నాకు ఎందుకో తెలియకుండానే భయమేసింది.

నేను తిరిగి వెళ్లేసరికి మగపిల్లాడు పుట్టాడు. మందు మొదలుపెట్టి నాలుగు గంటలు ఎప్పుడో దాటిపోయాయి. ఇంకా కావాలంటే తీసుకోండన్నట్టు, దాని మీద ఇంకో గంట వేసి మరీ వచ్చాడు. వాడు కూడా లోపల్నుంచి కథ వింటూ ఉండిపోయాడని అన్నయ్య వాదన. డాక్టరమ్మ ఒప్పుకోదు.

అమ్మ పిల్లాడి పక్కన కూర్చుని వాడి ఊపిరి చూస్తోంది. నేను వదిన పక్కన కూర్చున్నాను.

“ఏం వదినా, గొడుగు కథ ఆఖరిదాకా విన్నావటగా. చివరికి ఏ గొడుగు కొందేమిటి మా అమ్మ?”

వదిన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ ఏదైనా తొందరగానే చెప్తుంది, ఇది కూడా అలాగే చెప్పింది.

“ఆ గొడుగు మీ అక్క కోసం కొన్నారు. మీ ఇద్దరికంటే ముందు పుట్టింది. అప్పట్లో అత్తయ్య నాకంటే తొందర మనిషట. పాప పుట్టిన రోజే ఇంటికి పోతానని అందరితో దెబ్బలాడి, ఎండ తగలకుండా గొడుగు పట్టి తెచ్చేసుకున్నారు. మర్నాడు జ్వరం, ఊపిరందలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే పోయింది. ‘అంత తొందరేమొచ్చింది నీకు?’ అని ఎవరో అన్నారట.”

ఇన్నేళ్లుగా మా అమ్మ చెప్పలేకపోయినదాన్ని వదిన ఒక్క గుక్కలో చెప్పేసింది. నాకొక అక్క ఉండేదని నాకు తెలియదు. నాన్న చెప్పులేసుకుని బయటికి పోయేది ఓపిక లేక కాదు. ఆయనకి కథ చివర తెలుసు. మాకే తెలియదు, నవ్వుకునేవాళ్లం. అక్కడే, నర్సులందరి ముందూ, నేను భోరుమని ఏడ్చేశాను. ఊళ్లో అందరి మీదా విసుక్కునే నేను ఏడుస్తుంటే వదిన కంగారుపడి నర్సుని పిలిచింది.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చినప్పుడు అమ్మ అడిగింది, ఒక్కో మాటా కూడబలుక్కుని. “మా పాపకి వచ్చింది ఇదేనా అమ్మా?”

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇదేనని నేను చెప్పలేనండీ. అప్పుడు పరీక్ష ఏదీ జరగలేదు కదా. కానీ ఒకటి మాత్రం చెప్తాను. తొందరగా ఇంటికి తీసుకెళ్లినందువల్ల బిడ్డకి ఇలాంటి జబ్బు రాదు.”

“మళ్లీ చెప్పమ్మా” అంది అమ్మ.

ఆవిడ మళ్లీ చెప్పింది, ఇంకా నెమ్మదిగా. అమ్మ వింది. ఏడవలేదు. పిల్లాడి దుప్పటి అంచు సవరించి, “మందు మంచిదే పెట్టారు” అంది.

పిల్లాడిని రెండు రోజులు దగ్గర పెట్టుకుని చూశారు. జ్వరం లేదు, ఊపిరి చక్కగా ఉంది, ఏడుపయితే వాచ్‌మన్ దాకా వినిపిస్తోంది. ఇంటికి వెళ్లొచ్చని చెప్పిన రోజు ఎండ మండిపోతోంది. నేను ఇంటికెళ్లి మేకు మీంచి గొడుగు తీసి తెచ్చాను. తిడుతుందేమోనని భయపడుతూనే అమ్మ చేతికిచ్చాను. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తెరవబోతే ఊచలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటే సర్ది తెరిచింది. మధ్యలో పురుగు కొట్టేసి చిన్న చిల్లు.

“ఇంటికెళ్లి అతుకుతాను” అంది.

వదిన పిల్లాణ్ణి ఎత్తుకుంది. అమ్మ గొడుగు పట్టింది. చిల్లులోంచి ఎండ ముక్క ఒకటి పిల్లాడి బుగ్గ మీద పడితే రెండో చెయ్యి అడ్డం పెట్టింది. మెట్ల దగ్గర్నుంచి గేటు దాకా ఎంత దూరమని, కానీ వాళ్లిద్దరూ ఎంతసేపు నడిచారో! వదిన ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. పాఠాలు చెప్పినప్పుడు రాని నడక అది. నేను మూటలు మోసుకుంటూ వెనక నడిచాను. ఎవరినీ తొందరపెట్టలేదు.

గేటు బయట కారు సిద్ధంగా ఉంది. అన్నయ్య అందులో కూర్చుని, బెల్టు పెట్టుకుని, మాకోసం చూస్తున్నాడు. మళ్లీ పక్కసీట్లోనే. స్టీరింగు ముందు ఎవరూ లేరు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి మా అమ్మ కోసం ఆ వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

అమ్మ గొడుగు కింద నుంచి కొడుకు వైపు చూసింది.

“ఇవాళ నువ్వే నడుపు నాయనా. నాకిప్పుడు తొందరేం లేదు.”